తెర కింది గిన్నెలు

ఉప్పుగూడలో సుశీలమ్మ అన్నం పెట్టే గది గుమ్మానికి తెర కట్టి ఉంటుంది. వచ్చినవాళ్లు తెర కింద నుంచి గిన్నె జరుపుతారు. ఆమె నింపి ఇస్తుంది. ఎవరి ముఖమూ చూడదు.

దుకాణాలవాళ్ల చందాలతో నడిచే మా బస్తీ ఫౌండేషన్ ఆమెకు బియ్యం ఇస్తుంది. ఈసారి తినేవాళ్ల ఫొటోలు, లేదంటే పేర్లు కావాలంది. వారం కిందట ఉద్యోగంలో చేరిన నన్ను పంపింది.

"ఫొటో అంటే రేపటి సంది ఒక్కరు రారు బిడ్డా. ఇయ్యకుంటే బియ్యం బందాయె. నేనేం జెయ్యాలె?"

"గిన్నెల మీద పేర్లు చెక్కి ఉంటయి గదమ్మా. అవి రాసుకుంట. ఎవర్నీ అడగ."

"నాకు సదువు రాదు. నువ్వే సూస్కో."

తెర లోపల ఆమె పక్కనే కూర్చుని మూడు పేర్లు రాశాను. నాలుగోది స్టీలు డబ్బా. మూత మీద 'తనూజ' అని ఉంది. మా ఇంట్లో మొదట బడికి వెళ్లింది నేనేనని అమ్మ మురిసిపోయి కొన్న డబ్బా, చెక్కించిన నా పేరు. పనిచేసే ఇంట్లో ఇచ్చారంటూ రోజూ అందులోనే అన్నం తెస్తుంది.

"గీ డబ్బా మీద ఏం పేరుంది బిడ్డా?"

"ఏం లేదమ్మా," అన్నాను.

సుశీలమ్మ డబ్బా నింపి తెర కిందికి జరిపింది. అందుకోవడానికి ఏ చెయ్యీ రాలేదు.