కుడివైపుది

కారు కుడికి తిప్పినప్పుడల్లా టకటకమంటోందని కుడి చక్రం ఊడదీశాను.

“అటు కాదండీ, ఎడమది. కుడికి తిప్పితే బరువంతా దాని మీదే పడుతుందట. ఆయన చెప్పేవారు,” అంది మా ఆవిడ.

ఆయనంటే, చనిపోయిన ఆవిడ మొదటి భర్త. కారూ ఆయనదే. నాకు ఒళ్ళు మండింది.

ఎడమది విప్పితే, యాక్సిల్‌ని చక్రానికి కలిపే సీవీ జాయింట్ మీది రబ్బరు తొడుగు చిరిగి, గ్రీజంతా చక్రానికి చిమ్మి ఉంది. కొత్త జాయింట్ యాక్సిల్ మీదికి ఎక్కనని మొరాయించింది.

“చెక్కముక్క అడ్డం పెట్టి కొట్టండి. ఆయన అలాగే...”

“అయితే ఆయన్నే పిలు!” నోరు జారాను. ఆవిడ లోపలికెళ్ళిపోయింది.

సాయంత్రానికి కారు చప్పుడు లేకుండా తిరిగింది. ఆయన చేసిన పని నేనూ చేశాను. నా కుళ్ళు కాస్త చల్లారింది.

“కుడివైపు తొడుగూ బీటలిచ్చింది. వచ్చే ఆదివారం చూద్దాంలే,” అన్నాను చేతులు తుడుచుకుంటూ.

ఆవిడ నా చేతిలో గుడ్డ లాక్కుంది.

“ఇవాళే మార్చండి.”

“ఇప్పుడేం కొంప మునిగింది?”

“ఎడమది బిగించిన రోజు, కుడిది వచ్చే ఆదివారం అనే అన్నారండీ ఆయన కూడా. ఆ ఆదివారం ఆయన చూడనేలేదు.”

జాకీ కుడివైపుకి ఈడ్చాను.