పద్నాలుగో చాప

పక్క చాప మీంచి ఎగిరొచ్చిన చెమట బొట్టు సరిగ్గా పళ్ళ డాక్టరు కింది పెదవి మీద పడింది. తుడుచుకుందామంటే రెండు చేతులూ కాళ్ళ సందులో మెలికపడి ఉన్నాయి. ఉమ్మేద్దామంటే ఎదురుగా ఎవరిదో బట్టతల ఉంది. మింగేశాడు.

ముప్ఫై రోజుల వేడి యోగా ఛాలెంజ్‌లో అది పదకొండో రోజు.

గదిలో వేడి నలభై డిగ్రీలు. వాసన నాలుగొందలు. తడి సాక్సుల్ని ఉల్లిపాయలతో కలిపి కుక్కర్లో మూడు విజిల్స్ రానిస్తే కాస్త దగ్గరికి రావచ్చు. కింద తివాచీ అడుగేస్తే పిచుక్కుమంటుంది. దాన్ని చివరిసారి ఉతికిన మనిషి ఇప్పుడు బతికి ఉండడని డాక్టరు నమ్మకం. రోజుకి ఇరవై పరాయి నోళ్ళలో ముక్కు పెట్టి బతికేవాడికే కడుపులో తిప్పుతోందంటే మామూలు మనుషుల సంగతి చెప్పక్కర్లేదు.

రూల్సు మూడే. లోపల నోరెత్తకూడదు. ఫోన్లు, కళ్ళజోళ్ళు బయట బుట్టలో పెట్టాలి. ఒక్కరోజు మానినా, మధ్యలో లేచిపోయినా బోర్డు మీద నంబరు కొట్టేస్తారు. అది కూడా ఒక్కరిది కాదు, పక్క చాప వాళ్ళది కూడా. ముప్ఫై రోజులూ నిలబడ్డ జోడీకి ఏడాదంతా ప్రవేశం ఉచితం.

డాక్టరు పదమూడు. అతని జోడీ పద్నాలుగు. కళ్ళజోడు లేకుండా, ఆ ఆవిర్లో, అతనికి కనబడేది తలకి తడి తువ్వాలు చుట్టుకున్న ఒక మూట మాత్రమే. అది మూలుగుతుంది, కారుతుంది, వంగినప్పుడల్లా చిలకరిస్తుంది. క్లాసు అయిపోయాక అందరూ శవాల్లా పడి ఉన్నప్పుడు అందరికంటే ముందు లేచి గుమ్మం దాటేస్తుంది. డాక్టరు మాత్రం ఇంకో అరగంట నిజం శవంలాగే ఉంటాడు.

ఇంటికెళ్ళేసరికి అత్తగారు స్నానం చేసి, పౌడరు రాసుకుని, భోజనాల బల్ల దగ్గర సిద్ధంగా ఉంది.

"అనకూడదు గానీ బాబూ, మీ దగ్గర ఏదో చచ్చిన వాసనొస్తోంది."

'అనకూడదు గానీ' అన్నాక ఆవిడ అననిది ఆరేళ్ళలో ఒక్కటీ లేదు. అతని పొట్ట, అతని గురక, అతను కారు పెట్టే తీరు, నెత్తి మీద పల్చబడుతున్న జుట్టు. ఇదివరకు క్లినిక్ నుంచి ఆరింటికి ఇల్లు చేరేవాడు. అప్పట్నుంచి ఏడున్నర దాకా ఆవిడ ఎదురు కుర్చీలో కూచుని అనకూడనివన్నీ వరసగా అనేది. అందుకే ఛాలెంజ్ కాగితం భార్య తెచ్చి చేతిలో పెట్టగానే చదవకుండా సంతకం పెట్టాడు. ఇప్పుడింకో పందొమ్మిది రోజులు ఆ కంపు పీల్చగలిగితే, ఏడాది పాటు సాయంత్రాలు అతనివే.

కంచం ముందు కూచుని మర్యాదగా మాట కలిపాడు.

"ఇవాళ ఒకాయనకి దవడ పన్ను కింద చీముగడ్డ అత్తయ్యగారూ. ఇంత ఉంది. నొక్కితే నా కళ్ళజోడు మీద చిందింది. ఇదిగో, ఈ రంగే."

గరిటెలో ఉన్నది చూపించాడు. అత్తగారు కంచం పక్కకి జరిపి లేచిపోయింది.

"మీ అమ్మకి ఈమధ్య ఆకలి తగ్గినట్టుంది," అన్నాడు భార్యతో.

"మీరొచ్చినప్పట్నుంచీ అంతేగా," అంది భార్య, కూనిరాగం ఆపకుండా. ఏ యోగాకీ వెళ్ళకుండానే ఈ పదకొండు రోజుల్లో ఆవిడ మొహం కళకళలాడుతోంది.

ఇరవైమూడో రోజు పొద్దున్న ఇల్లంతా తుమ్ములు.

"అమ్మకి జలుబు. మీరు మాత్రం యోగా మానకండి," అంది భార్య.

"మానడమా? ఆవిడ పక్కన కూచుంటే నాకంటుకోదూ?"

ఆ సాయంత్రం తలుపు మూసే టైమైంది. పద్నాలుగో చాప ఖాళీ. డాక్టరు గుండె చిగుళ్ళలోకొచ్చింది. ఆఖరి క్షణంలో మూట దొర్లుకుంటూ వచ్చి పడింది. పడగానే తుమ్మింది. ఆ తర్వాత ఆసనానికొకటి చొప్పున తుమ్మింది. ఒక్కటి కూడా డాక్టర్ని దాటి పోలేదు.

సగంలో మూట లేచి తలుపు వైపు పాకడం మొదలుపెట్టింది.

పుట్టి బుద్ధెరిగాక ఎవరి కాళ్ళూ పట్టుకోని మనిషి రెండు చేతులతో దాని కాలు పట్టుకున్నాడు. నోరెత్తకూడదు కాబట్టి దణ్ణం పెట్టాడు. తన తువ్వాలిచ్చాడు. అది ముక్కు చీదింది, ఏ మూలా వదలకుండా తీరుబడిగా చీది, తువ్వాలు తిరిగిచ్చి చాప మీద పడుకుంది. డాక్టరు కళ్ళలోకి చెమట కారుతోంది. తుడుచుకోవడానికి వేరే గుడ్డ లేదు.

తుడుచుకున్నాడు.

ముప్ఫయ్యో రోజు. నలభై మందిలో మిగిలింది ఎనిమిది మంది.

"ఇవాళ్టికి మౌనం చాలు," అంది ట్రైనరు. "ఇంత నరకం ఎందుకు భరించారో ఒక్క ముక్కలో చెప్పండి. ఉన్నదున్నట్టు."

"బొజ్జ," అన్నాడు బ్యాంకు మేనేజరు.

"నడుం నొప్పి," అన్నాడు బస్సు డ్రైవరు.

డాక్టరు వంతొచ్చింది. కళ్ళజోడు లేదు కాబట్టి ఎవరి మొహమూ కనబడదు. అందుకే ధైర్యమొచ్చింది.

"ఇంట్లో అత్తగారున్నారు."

గదంతా పగలబడి నవ్వింది. డ్రైవరు వచ్చి భుజం తట్టాడు. పద్నాలుగు మాత్రం నవ్వలేదు. తలకి చుట్టుకున్న తువ్వాలు నిదానంగా విప్పి, మడతపెట్టి, గొంతు సవరించుకుంది.

"అనకూడదు గానీ, మా ఇంట్లో పళ్ళ డాక్టరున్నాడు."