గున్నమ్మ ఆటలో నేను

అంగారకుడి మీది మా కాలనీలో సంవత్సరీకం నాడు, పోయినవాళ్ల జ్ఞాపకాలతో కట్టిన వీడియో గేమ్‌ను ఇంటివాళ్లు ఆడాలి. ఈసారి నా భార్య గున్నమ్మది. మనవరాలు తారిణి నాయనమ్మ పాత్ర తీసుకుంది. ఉద్దానంలో గున్నమ్మ వాళ్లమ్మ జీడితోట, మేం వలసొచ్చిన అంతరిక్ష ఓడ, కిటికీలో చిన్నదైపోయిన భూమి, ఆటలో ఏదీ వదిలిపోలేదు.

"ఇదేటి తాతా, ఆటలో నువ్వు 'అన్నం పెట్టు' తప్ప ఇంకో మాట అనవేటి? ఊరి మీద బెంగతో నాయనమ్మ ఏడుస్తున్నా అదే మాట! గేమ్ పాడైనట్టుంది."

"అవును, పాడైంది," అన్నాను. పాడవలేదని నాకు తెలుసు.

"అయితే నువ్వు నాయనమ్మతో అన్న మంచి మాట ఒక్కటి చెప్పు. ఆటలోకి ఎక్కించీస్తాను."

నలభై ఏళ్ల కాపురమంతా వెతికాను. తారిణి ఎదురుచూస్తోంది.

"ముందు అన్నం పెట్టు," అన్నాను.