జానీ ముక్కు

“కళ్ళకు ఈ తువ్వాలు కట్టుకో జానీ. రెండు గిన్నెల్ల ఏ కాఫీగింజలు ఇయ్యాల వేయించినవో వాసన చూసి సార్‌కు చెప్పు,” అంది నీలవేణి.

జానీ తువ్వాలు అందుకున్నాడు కానీ వెంటనే కట్టుకోలేదు.

ఎదురుగా కుర్చీలో కూర్చున్న సత్యనారాయణమూర్తి మోకిల విల్లాల నుంచి వచ్చిన పెద్దమనిషి. అక్కడి క్లబ్‌హౌస్‌కు ఇకనుంచి కాఫీపొడి ఎక్కడ కొనాలో తేల్చేది ఆయనే. మొయినాబాద్‌లో చేవెళ్ల రోడ్డు పక్కన నీలవేణి ఈ చిన్న దుకాణం తెరిచాక ఇంత పెద్ద బేరం రావడం ఇదే మొదలు.

“తాజాగా వేయించిన కాఫీ ఆరోగ్యానికి మంచిదని మావాళ్ళంతా ఒకటే ఊదరగొడుతున్నారు. డబ్బాలో దొరికే పొడికీ దీనికీ అంత తేడా ఏముందమ్మా?” అన్నాడాయన.

“వాసనల ఉన్నది సార్ అంతా!” నీలవేణి కళ్ళు అరమోడ్చి చెప్పుకుపోయింది. “మితంగ తాగితే లివర్‌కు మంచిదంటరు, పానం హుషారుగ ఉంటది, పెద్దోళ్ళకు మతిమరుపు కూడ జర దూరముంటదంటరు. కానీ గింజ తాజాగ ఉండాలె. వాసన పోయిందంటే గుణం పోయినట్టే. అందుకే మా జానీ ముక్కుకు నచ్చినంకనే ఏ ప్యాకెట్ అయినా గడప దాటుతది.”

ఆ ముక్కు సంగతి తెలిసింది ఇద్దరికే, జానీకీ వాళ్ళమ్మ సారమ్మకూ. వానల్లో వచ్చిన జ్వరం పోతూ పోతూ అతని వాసన చూసే శక్తిని పట్టుకుపోయింది. తిరిగి రావచ్చు, రాకపోనూ వచ్చు అన్నారు దవాఖానలో. మల్లెపూలూ మురికి కాలవా అతనికి ఇప్పుడు ఒకటే.

పనిలో పెట్టుకునేటప్పుడు నీలవేణి అతని చదువు అడగలేదు. కళ్ళు మూయించి లవంగం, వాము, ఎండుమిర్చి ఒక్కొక్కటే ముక్కు కింద పెట్టింది. అన్నీ చెప్పాడు. “నాకు కావలసింది గిదే,” అని ఆ పూటే పనిలో చేరమంది. ఆ ముక్కే లేదని తెలిస్తే ఇంకేముంది? మళ్ళీ జన్వాడలో ఏ ఫామ్‌హౌస్ గేటు దగ్గరో యూనిఫాం వేసుకుని నిలబడాలి. ఈ పనంటే అతనికి ప్రాణం. అందుకే గింజల రంగు చూసి, అవి చిటపటలాడే చప్పుడు విని ఎలాగో నెట్టుకొస్తున్నాడు. ప్రతి వాయికీ నీలవేణి “ఎట్లున్నది?” అని అడుగుతుంది. “మంచిగున్నదక్కా,” అంటాడు. ఆమె కూడా దోసెడు గింజలు ముక్కు దాకా తెచ్చుకుని, గట్టిగా పీల్చి, “అవును” అంటుంది. తన గుట్టు పట్టేస్తుందేమోనని ఆ ఒక్క క్షణం అతను ఆమె ముఖమే చూస్తుంటాడు.

మొన్న ఒకరోజు దొరికిపోయినంత పనయింది. వెనక స్టవ్ మీద పెట్టిన పాలు మాడిపోయాయి. అన్నం డబ్బా తెస్తున్న సారమ్మ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని పరుగున వచ్చింది. ఆ కంగారులో కొడుకు సంగతే మరిచింది. “పాలు మాడి వాడంత కంపు కొడుతుంటే ఇద్దరు ఊకె గిట్ల కూసున్నరేందిరా?”

“జలుబు చేసిందమ్మా,” అన్నాడు జానీ. “నేను ఫోన్ల ఉన్న,” అని నీలవేణి గబగబా స్టవ్ ఆర్పింది. ఆమె ఇంకేమీ ఆరా తీయకపోవడం తన అదృష్టం అనుకున్నాడు.

ఇవాళ అదృష్టం మీద ఆధారపడే వీలు లేదు. గంతలతో మొదటి గిన్నె మీదకు వంగాడు. ముక్కు కొన గింజలకు ఆనింది. చల్లగా ఉన్నాయి. రెండో గిన్నెలో కొద్దిగా, చాలా కొద్దిగా, వెచ్చదనం తగిలింది.

“ఇది ఇయ్యాల్టిది,” అన్నాడు.

సత్యనారాయణమూర్తి చప్పట్లు కొట్టాడు. “రేపు సాయంత్రానికి మొదటి సరుకు పంపించండి. మా ఆవిడ జానకీదేవికి డాక్టరు రోజుకు రెండు కప్పులే తాగమన్నాడు. ఆ రెండూ మంచివై ఉండాలి కదా. నీ ముక్కు మీద భారం వేసి వెళ్తున్నానయ్యా!”

ఆయన కారు వెళ్ళిపోయింది. జానీ రేపటి కోసం కొత్త బస్తా విప్పాడు. అడుగున ఒక మూల తడి ఆరిన మచ్చ కనిపించింది. పైకప్పు కారిందేమో. గింజలు చూడటానికి పొడిగానే ఉన్నాయి. కానీ బూజు కంటికి కనపడే ముందే వాసనకు దొరుకుతుంది. పిడికెడు తీసి పీల్చాడు. ఏమీ లేదు. బూజు లేదో, తన ముక్కుకే తెలియడం లేదో!

ఇంతకాలం రంగుతో, చప్పుడుతో గడిచిపోయింది. దీనికి అవేవీ పనికిరావు. ఆరోగ్యం కోసమని ఆ పెద్దావిడ తాగే కాఫీ ఇది. గింజలు పట్టుకుని నీలవేణి దగ్గరకు వెళ్ళాడు.

“అక్కా, జర నువ్వు వాసన చూడు.”

“నువ్వు చూసినవ్ కదా?”

“చూసిన. అయినా నువ్వోసారి చూడు.”

“నువ్వు మంచిగున్నదంటే మంచిగున్నట్టే. నాకు వేరే పనున్నది.”

జానీ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. “నాకు వాసన తెలుస్తలేదక్కా. వానల్ల జ్వరం వచ్చినప్పటి సంది. నిన్ను మోసం చేసిన. కావాలంటే ఇప్పుడే పోత. ఈ బస్తా మాత్రం నువ్వు చూడు.”

నీలవేణి ముఖం పాలిపోయింది. స్టూలు మీద కూలబడింది.

“మీ అమ్మను పిలువు,” అంది.

“అక్కా, నన్ను ఏమన్నా అను. అమ్మకు చెప్పకు. పని పోయిందంటే తట్టుకోదు.”

“పని పోవుడు కాదురా. సారమ్మను జల్దీ రమ్మను. వచ్చి ఈ గింజలు వాసన చూడాలె.”

“అమ్మ ఎందుకక్కా? నువ్వున్నవ్ కదా!”

నీలవేణి అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించింది.

“నాకు పుట్టినప్పటి సందే వాసన తెల్వదు, జానీ.”