చంద్రయ్య ఫోల్డరు

దొంగతనానికి వెళ్తూ స్క్రూడ్రైవరూ, పెన్‌డ్రైవూ మర్చిపోకుండా తీసుకెళ్ళిన నిలేష్, కాస్త బుర్ర కూడా వెంట తీసుకెళ్ళి ఉంటే బాగుండేది. ఈ మాట ఇప్పుడు అతనే ఒప్పుకుంటాడు. ఆ రోజు మాత్రం ముంబై కామాటిపురా మొత్తంలో తనంత తెలివైనవాడు లేడనుకుంటూ, రత్నాబాయి ఉండే చాల్, అంటే వరస గదుల పాత మేడ, మెట్లెక్కాడు.

రత్నాబాయి భర్త చంద్రయ్య పోయి ఆర్నెల్లయింది. ఈ గల్లీల్లో తెలుగువాళ్ళ పెళ్ళికార్డులన్నీ పదిహేనేళ్ళుగా ఆయన కంప్యూటర్లో పుట్టినవే. పెళ్ళి ముంబైలో అయినా మహబూబ్‌నగర్ చుట్టాలకు పంపే కార్డు తెలుగులో ఉండాల్సిందే కదా!

నిలేష్ సరిగ్గా ఎదుటి చాల్ కింద కార్డుల దుకాణం తెరవబోతున్నాడు. చిక్కల్లా ఒక్కటే. చదివింది మరాఠీ బడి. తెలుగు నోటికి వచ్చు గానీ కంటికి రాదు. చంద్రయ్య డిజైన్లు చేతికొస్తే, పేర్లు ఫోనుకు చెప్పి దానిచేతే టైపు చేయించి అతికించేస్తే సరిపోతుంది. రాకపోతే రిబ్బన్ కత్తిరించిన రోజే షట్టర్ దించుకోవాలి.

అలాంటి సమయంలో రత్నాబాయే పిలిచింది.

"నిలేషూ, మీ పెద్దయ్య కంప్యూటర్ల ఆ డిజైన్ల సాఫ్ట్‌వేర్ తెరుస్తలేదు బిడ్డా. మళ్ళ ఎక్కియ్యి. నేనే నేర్చుకుంట."

"అరే, గదెంత పని పెద్దమ్మా! పైసల్ గిట్ల ఏమొద్దు. ఫుకట్‌ల చేస్త."

రత్నాబాయి కళ్ళజోడు పైనుంచి అతన్ని ఒకసారి చూసింది. కృతజ్ఞత అనుకున్నాడు నిలేష్.

ఆ కంప్యూటర్ వయసులో నిలేష్ కంటే కాస్తే చిన్నది. కొత్త సాఫ్ట్‌వేర్ పెట్టబోతే మెమరీ చాలదని మొరాయించింది. నాగ్‌పాడా పాతసామాన్ల కొట్లన్నీ తిరిగి, పన్నెండేళ్ళనాటి వెర్షన్ సీడీ పట్టుకొచ్చాడు. అది ఎక్కింది గానీ, గ్రాఫిక్స్ డ్రైవర్ లేక తెరమీద బొమ్మలు గుమ్మడికాయలంత కనబడ్డాయి. రంగులు చూస్తే పదహారే. ఆ డ్రైవర్ సంపాదించేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. అక్కర్లేని ప్రోగ్రాములన్నీ పీకి మెమరీ ఖాళీ చేశాడు. పావురాలు రాకుండా కిటికీకి వేలాడదీసిన పాత సీడీలు ఎండకు తళతళలాడి కళ్ళలో పొడుస్తుంటే, "ఈ కచ్రా ఎందుకు పెద్దమ్మా?" అని విసుక్కుంటూ పక్కకు నెట్టాడు. దొంగతనంలో ఇంత చాకిరీ ఉంటుందని తెలిస్తే ఏదైనా ఉద్యోగం చూసుకునేవాడు.

రెండోరోజుకి అంతా కుదిరింది. రత్నాబాయి కుర్చీ లాక్కుని పక్కన కూర్చుంది. చంద్రయ్య టైపు చేస్తే పక్కనుండి తప్పులు దిద్దింది ఆమే కాబట్టి, ఏ మీట ఏ అక్షరమో ఆమెకు తెలుసు.

"కార్డు మీద ఉన్న రాత ఎట్ల మార్చాలె?"

"దానిమీద నొక్కు, చెరుపు, కొత్తది కొట్టు, సేవ్ చెయ్యి. బస్!"

రత్నాబాయి బుద్ధిగా క్యాలెండర్ వెనక రాసుకుంది.

మూడోరోజు ఆమె వంటింట్లోకి వెళ్ళగానే నిలేష్ చంద్రయ్య డిజైన్లున్న ఫోల్డరంతా పెన్‌డ్రైవ్‌లోకి లాగేశాడు. ఫాంట్లు మర్చిపోలేదు. అవి లేకపోతే తెలుగంతా అర్థంలేని ఇంగ్లీషు అక్షరాలైపోతుంది మరి. ఇంకొకడైతే అక్కడే బోల్తాపడేవాడని తన భుజం తానే తట్టుకున్నాడు.

"పెద్దమ్మా, వీటిల్ల అందర్లకు మస్తు నచ్చే డిజైన్ ఏది?"

రత్నాబాయి చాయ్ కప్పు పెట్టి, తెరమీద ఒకదాన్ని వేలితో చూపింది. బంగారు అంచు, రెండు నెమళ్ళు, నడుమ గుండ్రటి అక్షరాలు.

"అయ్యో! ఈ ఫోల్డర్‌కు వైరస్ పట్టింది పెద్దమ్మా. తీసెయ్యకుంటే సాఫ్ట్‌వేర్ గూడ పోతది."

"నీకు తెల్వనిదా బిడ్డా. తీసెయ్యి."

ఆ మాటకు నిలేష్‌కు ఒక్క క్షణం సిగ్గేసింది. అల్లం చాయ్ తాగాక తగ్గింది. మీట నొక్కేశాడు.

దుకాణం తెరిచే రోజుకు ఆ నెమళ్ళ డిజైన్‌ను పదడుగుల ఫ్లెక్స్ చేయించాడు. ఫాక్‌లాండ్ రోడ్‌లో అది ముద్రించిన యూపీ భయ్యా కూడా "క్యా డిజైన్ హై!" అని మెచ్చుకున్నాడు. పొద్దున్నే షట్టర్ పైన కట్టించి, కొబ్బరికాయ కొట్టాడు.

జనం ఆగారు. చదివారు. నవ్వారు. ఫోటోలు తీసుకున్నారు. నిలేష్ ఉబ్బితబ్బిబ్బై వాళ్ళతో సెల్ఫీలు దిగి స్టేటస్ పెట్టుకున్నాడు. అయితే నవ్వినవాళ్ళు ఒక్కరూ దుకాణంలోకి రావడంలేదు. తిన్నగా ఎదుటి చాల్ మెట్లెక్కి పోతున్నారు. ఎవరింట్లోనో పూజ కాబోలు అనుకున్నాడు.

మధ్యాహ్నం దాకా ఒక్క బేరం లేదు. ఉసూరుమంటూ తలెత్తి చూస్తే, రత్నాబాయి కిటికీకి సీడీలు లేవు. రెండు పావురాలు హాయిగా కూర్చుని ఉన్నాయి.

నిలేష్ గబగబా రోడ్డు మీదికొచ్చాడు. మక్తల్ నుంచి కొత్తగా వచ్చిన మేస్త్రీ సాయిలు నవ్వుకుంటూ అటే పోతుంటే చెయ్యి పట్టుకుని ఆపాడు.

"సాయిలన్నా, అందరు అటెందుకు పోతున్రు?"

"నువ్వే గదా తమ్మీ పొమ్మని రాపిచ్చినవ్! గింత ధైర్యం ఎవ్వలకుంటది?"

"నాకు తెలుగు చదువరాదన్నా. జర సదివి చెప్పు."

సాయిలు ఫ్లెక్స్ వైపు వేలెత్తి, బళ్ళో పాఠం అప్పజెప్పినట్టు గట్టిగా చదివాడు.

"శుభాహ్వానం. ఈ దుకాణంలోని కార్డులన్నీ మా ఇంట్లోంచి ఎత్తుకుపోయినవే. సీడీల్లో దాచిన అసలువి ఎదుటి చాల్, రెండో అంతస్తు, పన్నెండో గదిలో దొరుకును. సాఫ్ట్‌వేర్ ఎక్కించి, రాత మార్చడం నేర్పిన చిరంజీవి నిలేష్‌కు ఆశీస్సులతో, మీ రాకను కోరే రత్నాబాయి."