రాజుగారి చెవి

పాత రాజును చంపి గద్దెనెక్కిన కొత్త రాజు ముఖాన్ని నాణేల అచ్చులో చెక్కాను. సేనాని ఫిలిస్కస్ వచ్చి దాన్ని మైనం మీద ఒత్తి చూశాడు.

"ముక్కు అచ్చం రాజుగారిదే. మరి చెవికి ఈ గాటేంటి ముసలాయనా? ఆయన చెవి నిక్షేపంలా ఉంది. సరిచెయ్."

"కుదరదు."

"చెయ్యి నరికిస్తాను."

"నరికించు. ఈ బాక్ట్రా నగరంలో అచ్చు చెక్కే చెయ్యి ఇదొక్కటే మిగిలింది. కొత్త నాణెం ముట్టందే మీ సైనికులు కొండలు దాటి సింధు మీదికి కదుల్తారేమో చూస్తాను."

ఫిలిస్కస్ పళ్ళు కొరికాడు. ఏదో అనుమానం వచ్చినట్టు నడుం సంచిలోంచి పాత రాజు నాణెం తీశాడు. చెవికి అదే గాటు. అంతకు ముందు రాజుది తీశాడు. అదే గాటు.

"ముగ్గురికీ ఒకే చెవా?"

"అది రాజులది కాదయ్యా, మా అబ్బాయిది. ఆరేళ్ళప్పుడు గుర్రం కొరికింది. వాడికి ఇరవై నిండకుండానే ఆ మొదటి రాజు యుద్ధానికి పట్టుకుపోయాడు. శవమైనా పంపలేదు."

అచ్చు తీసి అతని చేతిలో పెట్టాను.

"పట్టుకెళ్ళు. రేపు మీ రాజును చంపి ఇంకొకడొస్తాడు. వాడికీ ఇదే చెవి."