స్విచ్ లేని ఫ్యాను

బాబు మియా కట్టిన వైర్ల వల్లనే సరళాదేవి చచ్చిపోయింది. ఖానాపూర్‌లో ఇది అందరికీ తెలిసిన సంగతి. ఆరేళ్లలో బాబు మియా కూడా ఒక్కనాడు కాదనలేదు.

ఆ బాబు మియానే పొద్దున్నే వచ్చి లక్ష్మణ్‌రావు గేటు ముందు నిలబడ్డాడు.

"ఏంది?" అన్నాడు లక్ష్మణ్‌రావు, అరుగు దిగకుండానే.

"అజీజాకు రేపు నిర్మల్‌ల ఆపరేషన్ పటేలా. కడుపుల గడ్డ. బస్సుల కూసోలేదు. జీపులన్నీ మాఘం పెండ్లిళ్లకు పోయినయ్."

"నా బండి ఊరు దాటక ఆరేండ్లాయె."

"ఎరుకే. ఇంకెవలనడగాలె?"

లక్ష్మణ్‌రావు మూలకున్న కారు వైపు చూశాడు. తన అంబాసిడర్‌లో నీళ్లు ఊరికూరికే మసులుతున్నాయని, ఇంజినుతో తిరిగే పాత రెక్క పీకేసి, రేడియేటర్‌ను చల్లబరచడానికి మారుతి కారు కరెంటు ఫ్యాను బిగించింది ఈ మనిషే. స్టీరింగ్ పక్కన దానికో స్విచ్ పెట్టాడు. ఆ తర్వాతి నెలలోనే, మలేరియాతో వణుకుతున్న భార్య సరళాదేవిని వెనక సీట్లో పడుకోబెట్టి లక్ష్మణ్‌రావు నిర్మల్ బయలుదేరాడు. సగం దారిలో రేడియేటర్ మసిలి కారు ఆగింది. ఇంకో బండి దొరికేసరికి ఆమె లేదు. కారును ఎడ్లతో గుంజుకొచ్చింది బాబు మియానే. అప్పటి నుంచి అతని షెడ్డుకు ఒక్కరూ కారు తేలేదు. కరెంటు మోటార్లు బాగుచేసి బతుకుతున్నాడు.

"బండి తీస్త. నేనే నడుపుత," అన్నాడు చివరికి. "కని ఫ్యాను మళ్ల నువ్వే కట్టాలె. నీ వైర్ల మీద నమ్మకముంటే నీ పెండ్లాన్ని తెచ్చి కూసోబెట్టు."

బాబు మియా తలూపి, పనిముట్ల సంచి తెచ్చుకున్నాడు.

బ్యాటరీ నుంచి ఫ్యూజుకు, ఫ్యూజు నుంచి ఫ్యానుకు వైరు లాగాడు. లక్ష్మణ్‌రావు పక్కనే నిలబడి వైరు అందించాడు. అంతా అయ్యాక డ్యాష్‌బోర్డు కేసి చూశాడు.

"స్విచ్ ఏది?"

"లేదు పటేలా. రేడియేటర్ల గీ ఇత్తడి ముక్క పెట్టిన. నీళ్లు వేడెక్కితే తనంతల తనే ఫ్యాను తిప్పుతది, చల్లారితే ఆపుతది."

"మనిషి చేతుల ఉండొద్దా?"

"వద్దు. గిదైతే ఎవ్వల మాటా ఇనది."

లక్ష్మణ్‌రావు చేతిలోని వైరు జారి పడింది.

"ఆనాడు బండి గుంజుకచ్చినప్పుడు, లోపల ఏం జూసినవ్?"

బాబు మియా టేపు చుడుతూ తల ఎత్తలేదు. "ఏం జూస్త? అమ్మ చెప్పులు సీటు కింద ఉండె. తెచ్చి ఇచ్చిన గద."

"గా ముచ్చట ఇగ తీయకు."

"నేనెన్నడు తీసిన పటేలా?"

తెల్లవారుజామునే బయలుదేరారు. బాబు మియా ముందు కూర్చున్నాడు. అజీజా వెనక సీట్లో శాలువా కప్పుకుని ఒరిగింది.

"ఆరేండ్లు మా దిక్కు జూడని పటేలు నాకు డ్రైవరైండు," అంది. "ఇగ నేను సచ్చినా ఫికర్ లేదు."

"నోరు మూసుకొని పండుకో చెల్లే," అన్నాడు లక్ష్మణ్‌రావు.

గుంతల రోడ్డు మీద నాలుగు మైళ్లు పోయాక ఇంజిను ముందు ఫ్యాను గుయ్యిమంది. బాబు మియా కళ్లు మూసుకున్నాడు, పెదవులు కదిలాయి.

"గా ఫ్యాను చప్పుడుకే చలి పెడ్తుందన్నా," అంది అజీజా. "జర బంద్ చెయ్యరాదూ?"

"అది బంద్ కాదు," అన్నాడు లక్ష్మణ్‌రావు.

"ఎందుకు కాదు?"

లక్ష్మణ్‌రావు కారు ఆపి, దిగి, వెనక అద్దాలు రెండూ పైకెత్తాడు. తన కండువా తీసి ఆమె కాళ్ల మీద కప్పాడు. ఎందుకో మాత్రం చెప్పలేదు. ఆమెకే కాదు, ఆ తర్వాత ఎన్నడూ ఎవరికీ చెప్పలేదు.

ఆనాడు సరళాదేవి కూడా ఇదే అడిగితే, అతను స్విచ్ ఆపేశాడు.